యంత్రములో యంత్రము

ప్రోగ్రామింగు నేర్చుకొను విద్యార్థి తప్పులు చేయక తప్పదు. లెక్క తప్పిన బాలుడు పలక తుడిచి మరల వ్రాసికొనును. అందువలన ఎవరికిని నష్టము లేదు. కాని కంప్యూటరును నడపు ప్రధాన ప్రోగ్రామునే, అనగా ఆపరేటింగు సిస్టమునే, విప్పి మార్చి చూడుమని ఉపాధ్యాయుడు అభ్యాసమిచ్చినచో విషయము వేరు. అక్కడ ఒక్క గుర్తు పొరపాటైనను యంత్రమంతయు స్తంభించును. ఆ యంత్రము పదిమంది వాడునదైనచో పదిమంది పనియు ఆగిపోవును. అట్లని విద్యార్థిని యంత్రము ముట్టనీయకున్నచో అతడు విద్య నేర్చునది ఎట్లు?

ఈ చిక్కునకు లభించిన సమాధానము ఒక కంప్యూటరు లోపల మరియొక కంప్యూటరును సృష్టించి విద్యార్థి చేతికిచ్చుట. ఈ లోపలి కంప్యూటరునకు ఇనుము లేదు, తీగలు లేవు. అది కేవలము ప్రోగ్రాము రూపమున ఉండును. దానిలో నడచు ప్రోగ్రామునకు మాత్రము అది నిజమైన యంత్రమువలెనే తోచును. దీనిని వర్చువల్ మెషిన్ అందురు; తెలుగున కల్పితయంత్రము అనవచ్చును. నేడు ఇంజనీరింగు విద్యార్థులు తమ స్వంత ల్యాప్‌టాపులలోనే వీనిని నెలకొల్పుకొనుచున్నారు. ఈ భావము 1960ల నాటిది. దాని వెనుక రెండు వేర్వేరు కథలు కలవు.

1950లలో విద్యార్థికిని కంప్యూటరునకును నడుమ ఒక గవాక్షము ఉండెడిది. విద్యార్థి తన ప్రోగ్రామును కాగితముపై వ్రాసికొని, చిల్లుల కార్డులపైకి ఎక్కించి, ఆ కార్డుల కట్టను గవాక్షము కడ ఇచ్చి వచ్చెడివాడు. ఫలితము కొన్ని గంటలకో మరునాటికో అచ్చై వచ్చెడిది. ఒక్క కామా తప్పినను ఆ దినమంతయు వ్యర్థమే. యంత్రము ఖరీదైనది, మనుష్యుని కాలము చవుక అను లెక్క ఆనాటిది.

ఈ లెక్కను తారుమారు చేయదలచినవారిలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జాన్ మెకార్తీ ఒకడు. యంత్రము చాల వేగముగా పని చేయును, మనుష్యుడు చాల నెమ్మదిగా ఆలోచించును; కావున ఒకే యంత్రము పలువురికి వంతులవారీగా క్షణకాలము చొప్పున పని చేసిపెట్టినచో ప్రతివాడును అది తన ఒక్కనిదే అనుకొనునని అతడు 1959 జనవరిలో ఒక పత్రము వ్రాసెను. ఏకోపాధ్యాయ పాఠశాలలో పంతులు ఒక్కొక్క పిల్లవాని పలక చూచుచు తిరుగునట్లన్నమాట. ఆ సంస్థలోనే ఫెర్నాండో కోర్బాటో నాయకత్వమున 1961 నవంబరులో ఇట్టి వ్యవస్థ ప్రదర్శింపబడెను. దాని పేరు సి.టి.ఎస్.ఎస్. తరువాత దానిని నడపిన ఐ.బి.ఎం. 7094 యంత్రమునకు ఒక్కొక్కటి 32,768 పదములు గల రెండు మెమరీ భాగములు ఉండెను. ఒకటి పర్యవేక్షక ప్రోగ్రామునకు, రెండవది వాడుకరులకు.

వ్యవస్థ బాగుగనే నడచెను. కాని అందులో ఒక లోటు ఉన్నది. పర్యవేక్షకుడు అందరికిని ఒక్కడే. వాడుకరి తన ప్రోగ్రామును ఎట్లయినను వ్రాసికొనవచ్చునుగాని, ఆ పర్యవేక్షకునే క్రొత్తగా వ్రాసి పరీక్షింప గోరినచో దారి లేదు. అట్టివానికి యంత్రమంతయు ఒంటరిగా కావలెను.

1964లో ఐ.బి.ఎం. కంపెనీ ఆ విద్యాసంస్థ ప్రక్కనే, కేంబ్రిడ్జి పట్టణమున, ఒక శాస్త్రీయ కేంద్రమును నెలకొల్పెను. అదే యేడు ఏప్రిలులో ఆ కంపెనీ సిస్టం-360 అను క్రొత్త యంత్రకుటుంబమును ప్రకటించియుండెను. కాని విద్యాసంస్థవారు తమ తరువాతి మహావ్యవస్థకు దానిని కాక జనరల్ ఎలక్ట్రిక్ యంత్రమును ఎన్నుకొనిరి. మెమరీ చిరునామాలను అప్పటికప్పుడు మార్చి చూపు సౌకర్యము 360లో లేకపోవుట అందుకొక ముఖ్యకారణము. కంపెనీకి ఇది పెద్ద దెబ్బ. కేంద్రములోని రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో మున్నగువారు ఆ లోటును తీర్చి చూపవలెనని పూనుకొనిరి. క్రీసీ పూర్వము సి.టి.ఎస్.ఎస్. నిర్మాణమున పని చేసినవాడు. దాని గుణదోషములు అతనికి తెలియును.

వారు చేసిన పని యేమి? పంచుకొను పనిని, వాడుకరికి సేవ చేయు పనిని రెండుగా విడదీసిరి. సి.పి. అను నియంత్రణ ప్రోగ్రాము ఒక్కటే నిజమైన యంత్రము మీద నడచును. అది ప్రతి వాడుకరికి ఒక సంపూర్ణ 360 యంత్రమును కల్పించి యిచ్చును. ఆ కల్పితయంత్రములో సి.ఎం.ఎస్. అను చిన్న ఆపరేటింగు సిస్టము నడచును. సి.ఎం.ఎస్. వ్రాసినవారికి పలువురు వాడుకరుల గొడవయే లేదు; యంత్రమున ఒక్కడే ఉన్నాడనుకొని వ్రాసిరి. సి.ఎం.ఎస్. బదులు మరియే ఇతర వ్యవస్థనైనను, స్వయముగా వ్రాసికొన్న దానినైనను, అందులో నడపుకొనవచ్చును. మొదట వారు దీనిని మిథ్యాయంత్రము అను అర్థము వచ్చు మాటతో పిలిచిరి. వర్చువల్ అను మాట తరువాత అదే కంపెనీ యార్క్‌టౌన్ పరిశోధనశాలనుండి వచ్చి చేరెను.

ఇది పని చేయు తీరు తెలిసికొనదగినది. 360 యంత్రమున రెండు స్థితులు కలవు: పర్యవేక్షక స్థితి, సామాన్య స్థితి. డిస్కును నడపుట మొదలగు కొన్ని ఆదేశములు పర్యవేక్షక స్థితిలోనే చెల్లును. సామాన్య స్థితిలో ఎవరైన అట్టి ఆదేశము నిచ్చినచో యంత్రము దానిని పాటింపక, పనిని ఆపి పర్యవేక్షకునికి అప్పగించును. సి.పి. వాడుకరి తెచ్చుకొన్న ఆపరేటింగు సిస్టమును కూడ సామాన్య స్థితిలోనే నడపును. ఆ అతిథి తానే ప్రభువు ననుకొని డిస్కునకు ఆజ్ఞ యిచ్చును. తోడనే యంత్రము ఆగి సి.పి.ని పిలుచును. సి.పి. ఆ ఆజ్ఞను పరిశీలించి, ఆ వాడుకరికి కేటాయించిన డిస్కు భాగముపై మాత్రమే దానిని అమలుజరిపి, ఏమియు జరుగనట్లు అతిథిని తిరిగి నడపించును. పగటివేషమున దొరవేషము కట్టినవాడు గ్రామమునకు శాసనములు చేయుచుండ, నిజమైన మునసబు ప్రక్కన నిలిచి సాధ్యమైనవానిని చేయించుచున్నట్లుండును. తక్కిన సాధారణ ఆదేశములన్నియు నిజమైన యంత్రము మీదనే సరాసరి నడచును. అందుచేత వేగమునకు పెద్దగా లోటు రాదు.

చిరునామాలను మార్చు పనికి మాడల్ 40 యంత్రమునకు ఒక ప్రత్యేక ఉపకరణమును చేర్చవలసి వచ్చెను. అందుచే ఆ వ్యవస్థకు సి.పి.-40 అను పేరు కలిగెను. 1967 జనవరి నాటికి అది నిత్యోపయోగమునకు వచ్చి, ఒకే యంత్రము మీద 14 కల్పితయంత్రములను నడపెను. పిమ్మట మాడల్ 67 యంత్రమునకు దానినే మార్చి సి.పి.-67 అనిరి. 1972 ఆగస్టు 2వ తేదీన వి.ఎం.-370 అను పేర దానికి కంపెనీ అధికారిక గుర్తింపు లభించెను.

ఆ నడిమి కాలమున జరిగిన ఒక సంగతి ఈ విద్య బలమును బాగుగా తెలుపును. కేంబ్రిడ్జి కేంద్రపు కంప్యూటరును ఆ ప్రాంతపు విశ్వవిద్యాలయముల విద్యార్థులు కూడ వాడుకొనుచుండిరి. అదే యంత్రము మీద కంపెనీవారు ఇంకను ప్రకటింపని 370 మెమరీ విధానమును పరీక్షింపవలసియుండెను. అది వ్యాపార రహస్యము. విద్యార్థులను వెళ్ళగొట్టలేదు, పనిని ఆపలేదు. కల్పితయంత్రములో సి.పి.నే మరల నడపి, అది కల్పించిన 370 యంత్రములో పరీక్షలు జరిపిరి. ఇంకను తయారుకాని యంత్రము కొరకు ప్రోగ్రాములు సిద్ధమగుచుండెను; ప్రక్కనే విద్యార్థులు తమ అభ్యాసములు చేసికొనుచుండిరి; ఒకరి పని ఒకరికి కనబడలేదు.

ఇంతవరకు చెప్పినది ఉన్న యంత్రమునకే ప్రతిబింబము. రెండవ కథ ఎన్నడును ఎవరును తయారుచేయని యంత్రమును గూర్చినది.

ఇట్టి యంత్రమును పాఠము కొరకు కల్పించుట క్రొత్త కాదు. డొనాల్డ్ క్నూత్ 1968లో వెలువరించిన ప్రోగ్రామింగు గ్రంథపు మొదటి సంపుటమున మిక్స్ అను ఊహాయంత్రమును వర్ణించి పాఠములన్నియు దాని భాషలోనే చెప్పెను. ఆనాటి పదునారు యంత్రముల సంఖ్యలను కూడి సరాసరి తీయగా 1009 వచ్చినదట. రోమను అంకెలలో అది మిక్స్ అగును. ప్రొఫెసర్లకును ఇట్టి సరదాలు ఉండును.

స్విట్జర్లాండులోని జ్యూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయమున నిక్లాస్ విర్త్ పాస్కల్ అను భాషను 1970 నాటికి రూపొందించెను. అది బోధనకు అనువైనది. పెక్కు విశ్వవిద్యాలయములు దానిని కోరెను. కాని ఒక్కొక్కచోట ఒక్కొక్క రకపు కంప్యూటరు. ప్రతిదానికి వేరు కంపైలరు వ్రాసి పంపుట అసాధ్యము. అప్పుడు జ్యూరిచ్ వారు ఒక ఉపాయము చేసిరి. ఏ కంపెనీయు తయారుచేయని ఒక సరళమైన యంత్రమును కాగితము మీద నిర్ణయించి, పాస్కల్ ప్రోగ్రాములను ఆ యంత్రపు ఆదేశములలోనికి మార్చు కంపైలరును వ్రాసిరి. దానిని తీసికొన్నవారు చేయవలసిన పని యల్లా, ఆ ఊహాయంత్రము వలె నటించు చిన్న ప్రోగ్రామును తమ కంప్యూటరు మీద వ్రాసికొనుటయే. ఈ పాస్కల్-పి కంపైలరు అమలు వివరములు తెలుపు 1974 నాటి పత్రమున రచయితల జాబితాలో మొదటి పేరు కేశవ నోరి అను భారతీయునిది. వారు అనంతర కాలమున హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో అధ్యాపకులుగా ఉండిరి.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌డియాగో శాఖలో కెన్నెత్ బోల్స్ అను ఆచార్యుడు ఉండెను. అతడు మొదట అయనోస్ఫియరును పరిశోధించిన శాస్త్రజ్ఞుడు. పెరూ దేశమున లిమా సమీపమున హికమార్కా రేడియో పరిశోధనాలయమును స్థాపించినవాడు. తరువాత విశ్వవిద్యాలయ కంప్యూటరు కేంద్రమునకు సంచాలకుడయ్యెను. ప్రోగ్రామింగు తొలి తరగతికి విద్యార్థులు గుంపులుగా వచ్చుచుండిరి. కేంద్ర కంప్యూటరు కడ కార్డులతో వరుసలో నిలుచుటకంటె, విద్యార్థి ముందర ఒక చిన్న కంప్యూటరు నుంచి, అతడు వ్రాసినదానిని వెంటనే నడపి చూచికొనునట్లు చేయుట మేలని అతడు తలచెను. 1970ల నడుమ చిన్న కంప్యూటర్లు అప్పుడప్పుడే వచ్చుచున్నవి. వాని మెమరీ స్వల్పము. అంతకంటె పెద్ద చిక్కు, అవి ఏడాదికొక రకముగా మారిపోవుచుండుట. ఈ యేటి యంత్రమునకు సిద్ధపరచిన పాఠములు వచ్చే యేటి యంత్రమునకు పనికిరాకపోయినచో అధ్యాపకుని శ్రమ యంతయు ఏటిలో కలిసినట్లే.

జ్యూరిచ్ ఊహాయంత్రము ఇక్కడ అక్కరకు వచ్చెను. బోల్స్ తన విద్యార్థులనే సహాయకులుగా చేర్చుకొని, దానిని మార్చి, ఎడిటరు, కంపైలరు, దస్త్రముల నిర్వాహకము అన్నియు ఒక్కచోట ఉండు వ్యవస్థను నిర్మించెను. అదియే యు.సి.ఎస్.డి. పాస్కల్. మొదట పి.డి.పి.-11 తరగతి యంత్రములపై నడచి, పిదప 8080, జడ్-80, 6502 చిప్పులు గల చిన్న యంత్రములకు వ్యాపించెను. 1979లో ఆపిల్ కంపెనీ దానిని తన కంప్యూటరు మీద అందించెను. ఒక యంత్రమున కంపైలు చేసిన ప్రోగ్రాము వేరొక కంపెనీ యంత్రము మీదను నడచుట ఆనాటివారికి ఆశ్చర్యము గొల్పెను. దీనికి మూల్యము వేగము. ప్రతి ఊహాదేశమును నటనా ప్రోగ్రాము చదివి అర్థము చేసికొని నడపవలెను గదా! కాని తొలి తరగతి విద్యార్థి వ్రాయు ప్రోగ్రాములకు ఆ జాప్యము లెక్కలోనిది కాదు; మరునాటి వరకు కనిపెట్టుకొని యుండుటతో పోల్చినచో అసలే కాదు. వింత యేమనగా, 1979 ప్రాంతమున వెస్టర్న్ డిజిటల్ కంపెనీ ఆ ఊహాదేశములనే నేరుగా పాటించు చిప్పులను తయారుచేసి అమ్మెను. కాగితము మీది యంత్రము కొన్నాళ్ళు నిజమైనది! 1995లో వచ్చిన జావా భాషయు ఈ త్రోవనే నడచినది.

మరల మొదటి కథకు రావలెను. జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనువారు 1974లో ఒక యంత్రము తన ప్రతిబింబమును కల్పింప యోగ్యమగుటకు నియమము నిర్ణయించిరి. యంత్రస్థితిని మార్చునట్టి, లేక బయటపెట్టునట్టి ప్రతి ఆదేశమును సామాన్య స్థితిలో ఆగి పర్యవేక్షకుని పిలువవలెనని దాని సారాంశము. 1980లలో బల్లలమీదికి వచ్చిన ఇంటెల్ చిప్పుల కంప్యూటర్లు ఈ పరీక్షలో తప్పిపోయెను. ఉదాహరణకు వానిలో పాప్‌ఎఫ్ అను ఆదేశమున్నది. బయటి పిలుపులను ఆలకింపుము, ఆలకింపకుము అని చిప్పునకు చెప్పుటకు అది పనికివచ్చును. సామాన్య స్థితిలో ఆ మార్పు కోరినచో చిప్పు ఆగదు, ఎవరిని పిలువదు. ఆ భాగమును మౌనముగా విడిచి ముందునకు పోవును. అతిథి తన ఆజ్ఞ చెల్లినదనుకొనును. యజమానికి కబురే లేదు. పెంటియం చిప్పులో ఇట్టి ఆదేశములు 17 ఉన్నవని 2000లో ఇద్దరు పరిశోధకులు లెక్కించి చూపిరి.

ఈ అడ్డంకిని దాటినవారు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు. మెండెల్ రోజెన్‌బ్లమ్, ఎడ్వర్డ్ బున్యోన్, స్కాట్ డివైన్ అనువారు 1997లో డిస్కో అను ప్రయోగముచే పాత సి.పి. భావమును పునరుద్ధరించిరి. మరునాటి సంవత్సరము డయాన్ గ్రీన్, ఎడ్వర్డ్ వాంగ్ లతో కలిసి వారు వీఎంవేర్ కంపెనీ స్థాపించిరి. 1999లో వచ్చిన వారి ప్రోగ్రాము అతిథి వ్యవస్థ ఆదేశములను ముందుగా చదివి, అపాయకరమైనవానిని తీసి మారు ఆదేశములు పెట్టి నడపెను. గుట్టుగా తప్పించుకొను ఆదేశములను ద్వారము కడనే పట్టుకొనిరన్నమాట. 2005లో ఇంటెల్, 2006లో ఏ.ఎం.డి. కంపెనీలు చిప్పులలోనే ఈ సౌకర్యమును చేర్చుటతో 1974 నాటి నియమము నెరవేరెను.

దీని వలన మొట్టమొదట లాభము పొందినవారిలో ఆపరేటింగు సిస్టము బోధించువారు ఉన్నారు. అంతకుముందు బర్కిలీలో 1992లో తయారైన నాచోస్ వంటి బొమ్మ వ్యవస్థలతో విద్యార్థులకు శిక్షణ యిచ్చెడివారు. అవి మంచివే గాని బొమ్మలే. కొలంబియా విశ్వవిద్యాలయమున జేసన్ నీ అను అధ్యాపకుడు విద్యార్థులచే కల్పితయంత్రములలో నిజమైన లినక్స్ కెర్నెలునే మార్పించెను. ఆ అనుభవమును 2005లో ప్రకటించెను. కెర్నెలు కూలిపోయిన ప్రతిసారి కూలినది ఒక కిటికీ మాత్రమే. మూసి, తెరచి, మరల మొదలుపెట్టవచ్చును.

నేడు దీనిని నెలకొల్పుట కష్టము కాదు. ఒక జర్మను కంపెనీ 2007లో మూలముతో సహా విడుదల చేసిన వర్చువల్‌బాక్స్ ఉచితముగా దొరకును. 2010 నుండి అది ఒరాకిల్ కంపెనీ పోషణలో ఉన్నది. ముందుగా కంప్యూటరు బయాస్ పట్టికలో చిప్పు యొక్క కల్పితయంత్ర సౌకర్యము తెరచియున్నదేమో చూడవలెను. అది మూసియున్నచో 64 బిట్ల అతిథి నడవదు. చాలమంది విద్యార్థుల మొదటి రోజు ఇక్కడనే గడచిపోవును. 8 గిగాబైట్ల మెమరీ గల యంత్రమున అతిథికి 2 లేక 3 గిగాబైట్లు ఇచ్చుట మేలు. ఆశపడి ఆరు ఇచ్చినచో యజమానియు అతిథియు ఇరువురును నత్తనడక నడతురు. అతిథి డిస్కు అనునది యజమాని డిస్కులో ఒక పెద్ద ఫైలు మాత్రమే. ఈ సంగతి ఉపాధ్యాయునికి గొప్ప ఉపకారము. తాను ఒక్కసారి అన్ని ఉపకరణములతో సిద్ధపరచిన యంత్రమును ఫైలుగా తరగతి కంతకు పంచవచ్చును. నా కంప్యూటరులో నడచినది, మీ కంప్యూటరులో నడవలేదు అను తగవు అంతటితో తీరును. సాహసమైన పని యేదైన చేయుటకు ముందు స్నాప్‌షాట్ తీసికొన్నచో, యంత్రస్థితి యంతయు ఆ క్షణమున భద్రపరుపబడును. ఎంత చెడిపోయినను ఒక మీట నొక్కి ఆ స్థితికి తిరిగి రావచ్చును. అయితే స్నాప్‌షాట్ తరువాత వ్రాసిన అభ్యాసము కూడ దానితోపాటు పోవునని మరచి విలపించినవారు కలరు. వ్రాసినదానిని పంచుకొను ఫోల్డరులో, అనగా యజమాని వైపున, దాచుకొనుట క్షేమము.

హార్వర్డు విశ్వవిద్యాలయపు సుప్రసిద్ధమైన తొలి కంప్యూటరు తరగతి కూడ కొన్నేండ్లు ఇట్టి సిద్ధయంత్రమునే విద్యార్థులకు పంచి, 2015లో బ్రౌజరు ద్వారా నడచు పద్ధతికి మారెను. ఆ పద్ధతిలో యంత్రము దూరాన ఉన్న కంప్యూటర్లలో నడచును; విద్యార్థి ఎదుట నున్నది తెర మాత్రమే.

2020 నవంబరులో ఆపిల్ కంపెనీ తన కంప్యూటర్లలో ఇంటెల్ చిప్పులను విడిచి ఆర్మ్ జాతి చిప్పులను పెట్ట మొదలిడెను. అంతట పెక్కు కళాశాలలలో ఇంటెల్ ఆదేశములకు సిద్ధపరచిన తరగతి యంత్రములు ఆ క్రొత్త కంప్యూటర్లపై తెరచుకొనలేదు. సి.పి.-40 వంశమునకు చెందిన కల్పితయంత్రము తన అతిథికి యజమాని చిప్పునే చూపును. చిప్పు భాష మారినచో అది నిస్సహాయము. ప్రతి ఆదేశమును చదివి నటించు క్యూఈఎంయూ వంటి ప్రోగ్రాములు ఆ పనిని చేయగలవు. కాని నెమ్మదిగా, పూర్వము బోల్స్ విద్యార్థుల యంత్రములు చేసినట్లు. తరగతిలో రెండు జాతుల కంప్యూటర్లు ఉన్న అధ్యాపకులు ఇప్పుడు రెండు ఫైళ్ళను సిద్ధపరచి, ఎవరికి ఏది కావలెనో మొదటి తరగతిలోనే అడిగి ఇచ్చుచున్నారు.